ఏసీ మెకానిక్ పెళ్ళికి నా వకాల్తా

మస్కట్‌లో నన్ను వకీలని పిలిచేవాళ్ళు ముప్పై మందికి తక్కువ ఉండరు. నేను వకీలును కాను. జగిత్యాలలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. ఆ తర్వాత లా చదవాలని గట్టిగా అనుకున్నాను. అనుకోవడం వరకు చాలా బాగా చేశాను. చివరికి ఒమాన్ వచ్చి, అల్ ఖువైర్‌లో ఒక బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో కాగితాల గుమాస్తాగా తేలాను. కాగితాన్ని ఒక ఫైల్లోంచి తీసి ఇంకో ఫైల్లో పెట్టడం నా డ్యూటీ. ఎవరికైనా అవసరం పడేసరికి అది మూడో ఫైల్లో ఉంటుంది.

నాకు వకీలు పేరు రావడానికి కారణం ఒక పుస్తకం. మా ఆఫీసులో పనిచేసిన ఇంగ్లిష్ ఇంజనీరు ఒకాయన పని ముగించుకుని వెళ్ళిపోతూ సొరుగులో ఒక గొడుగు, ఒక కాఫీ మగ్గు, ఒక లావుపాటి పుస్తకం వదిలేశాడు. మస్కట్‌లో గొడుగెందుకని అందరూ నవ్వారు గాని ముందు మాయమైంది అదే. మర్నాడు మగ్గు పోయింది. పుస్తకం వంక ఎవరూ చూడలేదు కాబట్టి అది నాకు మిగిలింది. అమెరికా అనే దేశం అప్పుడప్పుడే పుట్టి, ఇంకా పురిటి వాసన పోని రోజుల్లో బతికిన ఒక వకీలు జీవిత చరిత్ర అది. ఆయన రాజకీయాల్లోనూ తిరిగాడు. పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు తెలియదు, నాకూ అంతకుముందు తెలియదు. పైగా ఆయన మునిమనవలెవరైనా నా మీద కేసు వేస్తే వాదించడానికి నాకు తెలిసిన నిజమైన వకీలు ఒక్కడూ లేడు.

ఆయన రైతు కొడుకు. కాలేజీ గడప తొక్కలేదు. ఒక ముసలి వకీలు ఆఫీసులో చేరి, పొద్దున్నే పొయ్యి రాజేసి, గది ఊడ్చి, పగలంతా దస్తావేజులు నకలు రాస్తూ కూర్చునేవాడు. అలా రాసీ రాసీ లా నేర్చుకుని వకీలయ్యాడు. ఈ భాగం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేనూ రోజూ నకళ్ళు తీస్తూనే ఉన్నాను కదా! మధ్యలో జెరాక్స్ మిషను ఉందన్న మాటే గాని, పని అదే. ఇంకో నాలుగేళ్ళు ఇలాగే తీస్తే ఏమో, ఎవరు చూశారు, అనుకున్నాను.

కంపెనీ మాకు అల్ మవాలేలో రూమ్ ఇచ్చింది. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఆ పుస్తకంలోని కథ చెప్పేవాణ్ణి, రూమ్ వాళ్ళు మంచాల మీద పడుకుని వినేవాళ్ళు. ముఖ్యంగా ఇద్దరు. ఒకడు కడప వైపు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. నా మంచం పక్క మంచమే అతనిది. రెండో ఆయన నిజామాబాద్ వైపు మేస్త్రి. మాకందరికీ పెద్దవాడు కాబట్టి కాకా అంటాం. కాకాకు దేని మీదైనా నమ్మకం కుదరాలంటే కనీసం మూడు ప్రశ్నలు పడతాయి.

అప్పట్లో అక్కడ జడ్జి గుర్రమెక్కి ఊరూరా తిరిగి కోర్టు పెట్టేవాడట. వకీళ్ళు తమ గుర్రాల మీద ఆయన వెనకాల పోయేవాళ్ళు. రాత్రికి దొరికిన సత్రంలో ముగ్గురేసి ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు.

“మన రూమ్ నయం,” అన్నాడు కాకా. “మంచం మీద మంచముంది గాని, మనిషి మీద మనిషి లేడు.”

ఆయన మొదటిసారి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. నేను ఆయన చేసిన గొప్ప ఉపన్యాసం గురించి చెప్పబోతుంటే కాకా అడ్డం వచ్చి, “మందు పోసిండా?” అని అడిగాడు. పోయలేదట, నియమం గల మనిషట అన్నాను. “గదే మరి,” అన్నాడు కాకా. రెండోసారి ఆయన పీపాల కొద్దీ పోయించాడు, గెలిచాడు. ఆ శుక్రవారం కాకా రూమంతా తిరుగుతూ, తనే గెలిచినట్టు అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆయన భార్య ఉత్తరాలు రాసేదట. పిల్లలు నిన్ను గుర్తుపట్టేలా లేరు, ఇంటికి ఎప్పుడొస్తావు అని. ఈ వాయిదా అయిపోగానే వస్తానని ఆయన ప్రతి ఊరి నుంచీ జవాబు రాసేవాడు. వాయిదా తర్వాత వాయిదా వచ్చేది. కాకా లేచి కూర్చున్నాడు. “ఓర్నీ, గీయన గూడ గల్ఫ్ మనిషేనాయె!” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు ‘మన వకీలు’ అయిపోయాడు. కథ చెప్పేవాణ్ణి కాబట్టి ఆ వకీలుతనంలో కొంత నా మీదా పడింది. ముందు మా రూమ్, తర్వాత పక్క రూమ్, ఆ తర్వాత వ్యాన్ డ్రైవరు కూడా నన్ను వకీలనే పిలిచారు. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. వద్దనేంత వెర్రివాణ్ణి కాను.

ఆయన వాదించే పద్ధతి ఒకటి నాకు తెగ నచ్చింది. ముందు ఎదుటివాడితో “మీరన్నది ముమ్మాటికీ నిజం” అనేవాడు. అవతలివాడు మెత్తబడ్డాక నెమ్మదిగా తిప్పి పడేసేవాడు. దీన్ని నేను వ్యాన్ డ్రైవరు మీద ప్రయోగించాను. ముందు సీటు నాకు ఇవ్వడం కుదరదని ఆయన అన్నప్పుడు, “మీరన్నది నిజమే” అని గంభీరంగా ఆగాను. “అయితే సరే, వెనక ఎక్కు” అని ఆయన బండి స్టార్ట్ చేశాడు. అమెరికాలో ఎదుటివాళ్ళు తరువాయి వినేదాకా ఆగేవాళ్ళు కాబోలు.

ఒక శుక్రవారం పుస్తకంలో ఒక వాక్యం వచ్చింది. ఆయన ఇంట్లో, పొలంలో బానిసలు పనిచేసేవాళ్ళట. పుస్తకం ఆ మాట ఒక్కసారి చెప్పి గబగబా తర్వాతి ఎన్నికలకు వెళ్ళిపోయింది. నేనూ దాని వెనకే వెళ్ళిపోబోయాను.

“ఆగన్నా,” అన్నాడు మెకానిక్. “వాళ్ళకు లీవు ఇచ్చినాడా మీ వకీలు?”

లేదన్నాను. జీతం? లేదు. ఊరికి పోనిచ్చినాడా? లేదు. ఆ కాలమే అలాంటిదని, అప్పట్లో పెద్దమనుషులందరూ అంతేనని నేను వాదన మొదలుపెట్టాను. కాకా నా వంక ఒక చూపు చూశాడు. నాకు సిగ్గేసి నోరు మూసుకున్నాను. స్వేచ్ఛ గురించి పేజీల కొద్దీ ఉపన్యాసాలిచ్చిన మనిషి ఆయన. ‘మన వకీలు’ ఆ మధ్యాహ్నం ‘మీ వకీలు’ అయిపోయాడు. అది ఓడిపోవాల్సిన కేసే. రెండు శుక్రవారాలు ఎవరూ కథ అడగలేదు.

మూడో శుక్రవారం మెకానిక్కే వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. కథ కోసం కాదు.

అతని సంగతి రూమంతటికీ తెలుసు. ముప్పై నాలుగేళ్ళు. కడప దగ్గర సంబంధం ఖాయమై రెండేళ్ళు దాటింది. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమెకు సెలవులు మే నెలలో. ఒమాన్‌లో మే నెలలో ఏసీ మెకానిక్‌కు సెలవివ్వడమంటే, పెళ్ళి రోజున వంటవాణ్ణి సినిమాకు పంపడమే. చలికాలంలో ఇతను ఖాళీ, కానీ అప్పుడు ఆమెకు పరీక్షలు, సిలబసు, ఒక కరస్పాండెంటు. ఈ ఇద్దరికీ పెళ్ళి కావాలంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగే పద్ధతి మారాలి. రెండు వేసవులు అలా పోయాయి. మూడోది వస్తోంది. ఈ మే దాటితే ఇంకో సంబంధం మాట్లాడుకుంటామని అమ్మాయి తండ్రి చెప్పేశాడు.

“ముదీర్‌ను రెండుసార్లు అడిగినాన్నా. కాదన్నాడు. నువ్వు మాట్లాడాల. అంత పెద్ద వకీలు కథ చదివినావు,” అన్నాడు మెకానిక్.

ముదీర్ అంటే మా మేనేజరు, ఒమానీ. నాకు ఆయనంటే భయం. అరిచే మనిషైతే భయపడేవాణ్ణి కాను, ఆయన మరీ మర్యాదస్తుడు. లీవు అడగడానికి వెళ్ళినవాణ్ణి కూర్చోబెట్టి, కహ్వా అనే అరబ్బీ కాఫీ పోసి, ఖర్జూరం చేతిలో పెడతాడు. ఖర్జూరం నోట్లో ఉండగా కాదంటాడు. నోట్లో ఖర్జూరంతో ఎవరూ వాదించలేరు. అందుకని తప్పించుకోవడానికి ఒక సాకు వెతికాను.

“గట్ల ఊకె మాట్లాడరాదు తమ్మీ. వకాల్తా లేకుండ ఏ వకీలు గూడ నోరు దెరువడు. గదొక పద్ధతి,” అన్నాను.

కోర్టులో వకీలు ఎవరి తరఫున వచ్చాడో చెప్పే కాగితం వకాల్తా. నా ఉద్దేశంలో అది జరిగే పని కాదు కాబట్టి నేను బతికిపోయాను. కానీ మెకానిక్ మాటను మాటగా తీసుకునే మనిషి. మర్నాడు బౌషర్‌లో ఒక విల్లాలో ఏసీలు కడగడానికి వెళ్ళి, తిండి వేళకు పక్కనున్న టైపింగ్ సెంటర్‌లో దూరి, వకాల్తా కావాలన్నాడు. అరబ్బీలో వకాలా అనే కాగితం ఒకటుంది. టైపింగ్ సెంటరాయన దేనికని అడిగితే ఇతను “షాదీ” అన్నాడు. సాయంత్రానికి నా చేతిలో ఒక అరబ్బీ పేజీ పెట్టాడు. కింద అతని సంతకం, పైన ఎక్కడో నా పేరు. నాకు అరబ్బీలో అంకెలు వస్తాయి, అక్షరాలు రావు. అయినా కళ్ళజోడు సర్దుకుని పేజీ మొత్తం పైనుంచి కింది దాకా చూసి, “బాగనే రాసిండు” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఇక తప్పలేదు. కాగితం పట్టుకుని ముదీర్ గదిలోకి వెళ్ళాను. కహ్వా వచ్చింది, ఖర్జూరం వచ్చింది. నేను ఖర్జూరం నోట్లో పెట్టుకుని కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదువుతున్నకొద్దీ మొహం వెలిగిపోయింది. ఇక్కడ అందరూ మాట్లాడే హిందీలో, “తుమ్ వకీల్?” అని అడిగాడు. నేను వెన్ను నిటారుగా పెట్టి, గింజ చెంపకు నెట్టి, “హా, వకీల్” అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. “ముబారక్!” అని ఆయన లీవు ఫారం తీసి, రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. నేను ఒక్క వాదనా చెయ్యలేదు. అమెరికా ఆయన ఇన్ని గుర్రాలెక్కి, ఇన్ని ఊళ్ళు తిరిగి సాధించింది నేను ఒక ఖర్జూరంతో సాధించాను.

కారిడార్‌లో ఎదురుచూస్తున్న మెకానిక్ నన్ను అమాంతం ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. అతను సైట్‌కు వెళ్ళిపోయాక నా సీట్లో కూర్చుని ఫారాన్ని ఫైల్లో పెట్టబోతూ, నాకు అలవాటు లేని పని ఒకటి చేశాను. చదివాను. పది రోజుల లీవు మంజూరైంది నాకు.

పొరపాటు పడ్డారని చెప్పడానికి పరుగున వెళ్ళాను. పొరపాటేమీ లేదని ముదీర్ ఓపిగ్గా వివరించాడు. కోర్టులో వాదించేవాణ్ణి అరబ్బీలో ముహామీ అంటారట. వకీల్ అంటే ఒకరి బదులు వాళ్ళ పని చక్కబెట్టేవాడు. తన పెళ్ళి వ్యవహారం తన బదులు నువ్వు నడిపిస్తావని మెకానిక్ కాగితం రాసిచ్చాడు. నిఖాలో పెళ్ళికొడుకు స్థానంలో వకీల్ కూర్చోవడం ఉన్నదే. నువ్వు వెళ్ళు, నిఖా జరిపించు, మెకానిక్ ఇక్కడ ఏసీలు చూసుకుంటాడు, అందరికీ సంతోషం, మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు, అన్నాడు. మరి ఆఫీసులో నా పని అన్నాను. పది రోజులు నువ్వు లేవని ఎవరికీ తెలియదులే అన్నాడు. నన్ను ధైర్యపరచడానికే అన్నాడు పాపం.

రోజూ వ్యాన్‌లోంచి చూసే కార్ల షోరూం బోర్డు మీద వకాలా అనే మాట ఉందని డ్రైవరు ఒకసారి చదివి చెప్పాడు. ఇన్నాళ్ళూ అది లాయర్ల కుటుంబం వాళ్ళ వ్యాపారం అనుకున్నాను. అక్కడ దాని అర్థం ఏజెన్సీ అట. మాటకు మాట కలిసింది కదా అని అర్థం కూడా కలుస్తుందనుకోవడం నా తెలివి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ గదిలోంచి బయటికి వచ్చాక నేను బాధపడాలి. బాధపడలేదు. మనసు గంతులేసింది. నేను ఇంటికి వెళ్ళి రెండేళ్ళయింది. జగిత్యాలలో నా భార్య, ఏడేళ్ళ కూతురు ఉన్నారు. మేలో బడి ఉండదు, పిల్ల రోజంతా ఇంట్లోనే ఉంటుంది. కడపకు ఒక రోజు వెళ్ళి, నిఖాలో కూర్చుని లేచి, మిగతా తొమ్మిది రోజులు ఇంట్లో ఉండొచ్చని వ్యాన్ దిగేలోపే లెక్క వేశాను. ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను కూడా. నా కూతురు అప్పటికప్పుడు తెమ్మనేవాటి జాబితా చెప్పడం మొదలుపెట్టింది. జాబితాలో ఒంటె ఉంది. తెస్తానన్నాను.

మెకానిక్‌కు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నా గొంతు చిన్నదైపోయింది. అతను కోప్పడలేదు. “పోనీలే అన్నా, ఎట్లనో ఒకట్ల నిఖా అయితే చాలు,” అన్నాడు. తర్వాత కాబోయే మామకు ఫోన్లో మెసేజ్ పెట్టాడు. “నాకు లీవు దొరకల్యా. మా వకీలు వస్తాండాడు. అన్నీ ఆయనే మాట్లాడతాడు. ఆయన నంబరు పెడతాండా.”

ఈ మెసేజ్ కడపలో ఎలా అర్థమవుతుందో మీరే ఆలోచించండి.

అమ్మాయి తండ్రి గుండె పట్టుకుని కూర్చున్నాడట. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, నిఖాకు ముందే వకీలును తోలతాడా అని కేకలు. సంబంధం తెంచుకోవడానికే వకీలు వస్తున్నాడని ఇంట్లో తేల్చేశారు. ఆయన తిన్నగా ఊళ్ళో ఉన్న ఒక అసలు సిసలు వకీలు దగ్గరికి వెళ్ళి, వాళ్ళు వకీలును పెట్టారు కాబట్టి మేమూ పెట్టుకుంటున్నామన్నాడు. ఆ వకీలు బుద్ధిమంతుడు. అసలు కేసేమిటని అడిగాడు. అది తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తామని ఈయన. మధ్యాహ్నానికి ఆ నిజమైన వకీలు నుంచి నా ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. మిత్రమా, మీరు ఏ బార్‌లో ప్రాక్టీసు చేస్తున్నారు, అని. నేను కాకాకు వినిపించాను. “బార్ గురించి నిన్నెందుకు అడుగుతుండు? నువ్వు తాగవు గదా,” అన్నాడు కాకా.

సాయంత్రం ఇంకో ఫోన్ వచ్చింది. ఆడ గొంతు. పెళ్ళికూతురు.

“అన్నా, వకీలంటే నువ్వేనా?”

“నేనేనమ్మా. అంటే వకీలునే, గాని గా వకీలును గాదు.”

“సరింగా చెప్పు. నేను ఆరో క్లాసు పిల్లోళ్ళకు చెప్తా. ఇట్ల నసిగితే బెంచీ ఎక్కిస్తా.”

నేను నిలబడే ఉన్నాను, అయినా ఇంకొంచెం నిలబడ్డాను. పుస్తకం, వకాల్తా, టైపింగ్ సెంటరు, ఖర్జూరం, అన్నీ వరసగా చెప్పేశాను. అవతల ఫోన్ గరగరమంది. నవ్వుతోందని తర్వాత అర్థమైంది. నవ్వు ఆపుకుని అడిగింది.

“మా నిఖాలో వకీలు ఎవరి తరఫునో తెలుసునా అన్నా? పెండ్లికూతురు తరఫున. నా కాడికి వచ్చి, నీకు ఇష్టమేనా అని అడిగి, పోయి ఖాజీకి చెప్పేటోడు వకీలు. మా ఇండ్లల్లో పెండ్లికొడుక్కు వకీలు అనేదే చూడల్యా. అంటే నువ్వు నా వకీలువి. నా కేసు చెప్తా, రాసుకో.”

నేను నిజంగానే పెన్ను తీశాను.

“నాకు పెండ్లికొడుకు కావాల. నువ్వు వద్దు. ఏమనుకోవద్దు.”

“ఏమనుకోనమ్మా.”

“రెండేండ్ల నుంచి ఎవురు అడిగినా, ఒమాన్‌లో ఎండలు తగ్గల్యా అని చెప్తాండా. స్టాఫ్ రూమ్‌లో నన్ను చూస్తానే ఎండలు తగ్గినాయా అని అడగతారు, నగతారు. నేనూ నగతా. ఇంగ నాతో కాదన్నా. ఆయన్ను పంపమని చెప్పు. అంతే.”

నా జవాబు వినకుండా ఫోన్ పెట్టేసింది. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. నేను లెక్క వేసిన తొమ్మిది రోజులు ఈ పిల్లవి. కాగితంలో రాసింది చదవలేక ఎగరేసుకుపోయాను.

ఆ రోజు రూమ్‌లో కూర్చుని అమెరికా ఆయన పద్ధతిలో ఒక ఉపన్యాసం రాశాను. ఆరు పేజీలు వచ్చింది. మానవుడు, గృహము, కర్తవ్యము, అన్నీ ఉన్నాయి. మర్నాడు ముదీర్ గదిలోకి వెళ్ళాను. ఖర్జూరం తీసుకున్నాను గాని నోట్లో పెట్టుకోలేదు, జేబులో వేసుకున్నాను. నిలబడి, “మీరన్నది ముమ్మాటికీ నిజం” అని మొదలుపెట్టి, పద్ధతి ప్రకారం ఆగాను.

ముదీర్ ఆగాడు. చేతులు కట్టుకుని నా వంకే చూస్తూ తరువాయి కోసం ఎదురుచూశాడు. నా జీవితంలో తరువాయి కోసం ఆగిన మొదటి మనిషి ఆయనే. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆరు పేజీలూ ఆవిరైపోయాయి. చివరికి ఉన్నమాట అనేశాను.

“దుల్హన్ దుల్హే కో మాంగ్తా. మేరేకో నై మాంగ్తా.”

పెళ్ళికూతురు పెళ్ళికొడుకునే అడుగుతోంది, నన్ను వద్దంటోంది. ముదీర్ నవ్విన నవ్వుకు ఆయన తలమీది కుట్టుపని టోపీ పక్కకు జారింది. పక్క గదిలోంచి అకౌంటెంటు తొంగిచూశాడు. నవ్వు అయ్యాక టోపీ సర్దుకుని, ఫారం బయటికి తీసి, నెమ్మదిగా అన్నాడు. మే నెలలో ఒక్కరిని వదలగలను. సంతకం నీ పేరు మీద అయిపోయింది. ఇద్దరికీ కుదరదు. నువ్వు చెప్పు.

అమెరికా వకీలు జీవితంలో ఇలాంటి రోజు ఒక్కటీ లేదు. నేను పుస్తకమంతా వెతికాను. ఆయన ఎన్నో కేసులు గెలిచాడు, ఓడాడు, కానీ క్లయింటు కోసం ఆయన పోగొట్టుకున్నది ఏదీ అందులో కనబడలేదు.

“మేరా ఛుట్టీ క్యాన్సిల్,” అన్నాను. “ఉస్కా కరో.” నాది కొట్టేసి అతనికి రాయమని.

దీన్ని త్యాగం అనుకోకండి. నేను చాలా కోపంగా అన్నాను. ముదీర్ మీద, మెకానిక్ మీద, టైపింగ్ సెంటరు మీద, మే నెల మీద కోపం. ఇంకా అయిపోలేదు. మెకానిక్ పని అతని హెల్పర్ చేస్తాడు, మరి హెల్పర్ పని ఎవరు చేస్తారని ముదీర్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఆఫీసులో నేను లేకపోయినా ఎవరికీ తెలియదన్న సంగతి ఆయనకు గుర్తుండిపోయింది.

ఇంటికి ఫోన్ చేశాను. భార్య విని, ఫోన్ కూతురికి ఇచ్చింది. నేను రావడం లేదమ్మా అన్నాను. “మల్ల వాయిదనా డాడీ?” అంది. ఆ మాట నేను ఫోన్లో దానికి చెప్పిన వకీలు కథల్లోదే. ఒంటె సంగతి అడగలేదు.

మెకానిక్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళేముందు నన్ను గట్టిగా వాటేసుకుని ఏడ్చాడు. నేను అతన్ని తిట్టాను. ఇద్దరికీ కొంచెం నయమనిపించింది.

పది రోజులు నేను నిచ్చెన మోశాను. మేలో మస్కట్ డాబాల మీద నిచ్చెన ముట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టే. మొన్నటిదాకా హెల్పర్‌గా ఉన్న కుర్ర మలయాళీ ఇప్పుడు మెకానిక్. నన్ను పేరు పెట్టి కూడా పిలవడు, “పానా” అంటాడు, “పైపు” అంటాడు. రెండో రోజుకు పానాకు, కటింగ్ ప్లయరుకు తేడా తెలిసింది. నాలుగో రోజుకు గుమాస్తా పని ఎంత గొప్పదో తెలిసింది. రూమ్‌కు వచ్చి పుస్తకం తెరిస్తే మొదటి వాక్యం దగ్గరే నిద్రపట్టేది.

నిఖా రోజున బౌషర్‌లో ఒక పెద్ద విల్లా డాబా మీద ఉన్నాం. పన్నెండు ఔట్‌డోర్ యూనిట్లు ఒక్కసారిగా మోగుతున్నాయి. నిచ్చెన కాళ్ళ దగ్గర నేను కూర్చుని ఉంటే వీడియో కాల్ వచ్చింది. తెరమీద పూలు, పిల్లలు, బిర్యానీ గిన్నెలు. పూలతో మొహమంతా కప్పేసి మెకానిక్. దారాల సందులోంచి అతని కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అమ్మాయి మేనమామ వకీలుగా లోపలికి వెళ్ళి, ఇష్టమేనా అని అడిగి వచ్చాడు. ఖాజీ మూడుసార్లు అడిగాడు, మెకానిక్ ఒప్పుకున్నానన్నాడు. మూడోసారి మరీ గట్టిగా అన్నాడు. పెళ్ళివారంతా నవ్వారు. నేను డాబా మీద ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. పైనుంచి మలయాళీ, “పానా!” అని అరిచాడు.

తర్వాత ఫోన్ లోపలి గదికి పోయింది. పెళ్ళికూతురు తెరమీదికి వచ్చింది. మెకానిక్ అంతా చెప్పేసినట్టున్నాడు. ముసుగు కొంచెం వెనక్కి తీసి, నా నెత్తిన కట్టుకున్న తడి తువ్వాలను, నా మొహాన్ని, వెనకాల తిరుగుతున్న ఫ్యాన్లను చూసింది. ఈసారి టీచరు గొంతు కాదు.

“నా కేసు గెలిపిచ్చినావన్నా,” అంది. “మీ పాప కేసు ఎవురు వాదిస్తారు?”

పన్నెండు యూనిట్లూ మోగుతూనే ఉన్నాయి. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, “వినబడుతలేదమ్మా, ఇక్కడ మస్తు మోతగున్నది,” అని అరిచాను. ఆమె ఇంకోసారి అడగలేదు. నాకు మొదటిసారే వినబడింది.